పేరు చూడని పత్రిక

ఎనిమిది రోజులు జ్వరంతో పడుకుని సోమవారం ఆఫీసుకి వచ్చిన వెర్నాకి బల్ల మీద ఇనప స్కేలు కనిపించలేదు. వెతగ్గా వెతగ్గా కిటికీ దగ్గర మ్యూరియల్ కాఫీ కప్పు కింద దొరికింది. తడి మరక తుడిచి దాన్ని ఎప్పుడూ ఉండే చోట, కుడిచేతి పక్కన, బ్లేడుకి ఆనించి పెట్టుకుంది.

ఆ స్కేలుతోనే ఆమె పన్నెండేళ్లుగా పేర్లు కోస్తోంది. "కార్నిస్" మాసపత్రికకి న్యూయార్కు నుంచీ, న్యూయార్కు మొహమైనా చూడని ఊళ్ల నుంచీ రోజూ కవర్లు వస్తాయి. ప్రతి కాగితం పై అంచునా రాసినవాళ్ల పేరూ చిరునామా ఉంటాయి. వెర్నా స్కేలు ఆనించి ఆ పట్టీని కోసేస్తుంది. పట్టీని ఒక కార్డుకి అంటించి అంకె వేస్తుంది. కాగితం మీదా అదే అంకె వేస్తుంది. కార్డు తన సొరుగులోకి, కాగితం సంపాదకుడి గదిలోకి. సంపాదకుడు హాల్‌బ్రూక్ అంకె చూసి చదువుతాడు తప్ప పేరు చూసి చదవడు. ఎంపిక చేసి, అచ్చుకి పంపే ముందురోజు మాత్రమే సొరుగు తెరిపించి పేరు అడుగుతాడు. ఈ సంగతి ఆయన విందుల్లో చెబుతాడు, ఉపన్యాసాల్లో చెబుతాడు, పత్రిక లోపలి అట్ట మీద కూడా అచ్చువేయించాడు.

"నీ పని నేను చేశాను, నీకంటే బాగానే చేశాను," అంది మ్యూరియల్. ముప్పై నాలుగేళ్లు హైస్కూలు పిల్లలకి లాటిన్ చెప్పి రిటైరయిన మనిషి. వారానికి మూడు రోజులు ప్రూఫులు చదవడానికి వస్తుంది. "ఒక్క వేలు మాత్రం కోసుకున్నాను. మిగతా తొమ్మిదీ ఉన్నాయి, చూసుకో."

"వచ్చినవన్నీ వేశారా నంబర్లు?"

"అన్నీ వేశాను. ఎందుకలా చూస్తావు? కవితలే కదా, బాంబులు కావుగా."

అంతలో లోపలి గది తలుపు తెరుచుకుని హాల్‌బ్రూక్ వచ్చాడు. మోచేతులకి తోలు అతుకులు వేసిన కోటు, చేతిలో ఒకే ఒక్క కాగితం. ఆరోగ్యం ఎలా ఉందని అడగడం కూడా మరిచిపోయాడు.

"లేవకు, కూర్చునే విను. నలభై ఒకటో నంబరు." నిలబడే చదవడం మొదలుపెట్టాడు.

పట్టుమిల్లులో పనిచేసే చేతుల గురించిన కవిత అది. మగ్గం మీద పడుగులో, అంటే నిలువు దారాల్లో, పోగు తెగితే, దువ్వెన లాంటి అచ్చు పళ్ల మధ్య నుంచి జారిపోయేంత చిన్న ముడి వేయాలి. ముడి పడ్డట్టు గుడ్డలో ఎవరికీ కనిపించకూడదు.

*తెగిన కొసని వేళ్లు చీకట్లోనే పోల్చుకుంటాయి,
మగ్గం ఆగిందని గది ఊపిరి పీల్చేలోగా.*

ఆయన చదవడం ఆపాక గదిని వెచ్చబెట్టే ఆవిరి గొట్టం బుసకొట్టడం వినపడింది. "ఆరు పద్యాలు. ప్రాస ఒక్కచోటా జారలేదు," అన్నాడు హాల్‌బ్రూక్. "ఆ చేతులు ఎవరివో చెప్పడు, చూశావా? ఇంకొకడైతే చివర ఒక అమ్మనో, ఒక సమ్మెనో తెచ్చి కూర్చోబెట్టేవాడు. ఇతను కూర్చోబెట్టలేదు. పని మీద గౌరవం, పాత పద్ధతి మీద గౌరవం. మనం పన్నెండేళ్లుగా మొత్తుకుంటున్నది ఇదే. ఏప్రిల్ సంచికలో నా సంపాదకీయానికి ఎదుటి పేజీలో వెయ్యి."

"నంబరు వేసింది నేను," అంది మ్యూరియల్. "నాకేమైనా బహుమానం ఉందా?"

"మీకు మధ్యాహ్నం టర్కీ సాండ్‌విచ్. రెండు ఊరగాయ ముక్కలతో," అని ఆయన నవ్వుతూ లోపలికి వెళ్లిపోయాడు.

వెర్నా సొరుగు తెరిచింది. నలభై ఒకటో కార్డు మీద మ్యూరియల్ పట్టీని వంకరగా అంటించింది. పాత టైపు మిషను అక్షరాలు, రెండు చోట్ల సిరా పూడుకుపోయి ఉన్నాయి. మోరిస్ జెలెన్కో, పాటర్సన్, న్యూజెర్సీ. పట్టీ కొస చూసే ఆమె పోల్చుకుంది. పేరు చదవనక్కరలేకపోయింది.

పేర్లు కోయడానికి ముందు వెర్నా చేసే పని ఇంకొకటి ఉంది. అది ఆ లోపలి అట్ట మీద లేదు. పొద్దున్నే కవర్లు తిరగేస్తూ, వెనకవైపు చిరునామా చూసి, కొన్నిటిని పక్కన పెడుతుంది. యూనియన్ల పత్రికల్లో రాసేవాళ్లవి, ఊరేగింపుల్లో ముందు నడిచేవాళ్లవి, కళాకారులకి ప్రభుత్వం ఇచ్చే డబ్బు ఆపకూడదని సంతకాలు పెట్టినవాళ్లవి. పక్కన పెట్టినవాటికి అంకె పడదు. రచయిత తిరుగు టపాకి స్టాంపు అంటించి పంపిన కవర్లోనే, విచారిస్తున్నామన్న అచ్చు చీటీతో, మధ్యాహ్నం టపాలో వెనక్కి వెళ్లిపోతాయి. ఇలా చేయమని ఆమెకి ఎవరూ చెప్పలేదు. జెలెన్కో మీద హాల్‌బ్రూక్ రెండో సంచికలోనే రాశాడు, నినాదాన్ని నాలుగు ముక్కలుగా విరిచి కవిత అంటున్నాడని. ఆ వ్యాసం టైపు చేసింది వెర్నాయే.

కార్డుని సొరుగులో పెట్టి మూసింది. కాసేపయ్యాక మళ్లీ తీసి చూసింది.

*

బుధవారం సంపాదకీయం ప్రూఫు వచ్చింది. కార్నిస్ ఆఫీసులో ప్రూఫుని ఒంటరిగా చూడరు. ఒకరు రాతప్రతిని గట్టిగా చదువుతారు, కామాలూ ఫుల్‌స్టాపులతో సహా. రెండోవాళ్లు పెన్సిలు పట్టుకుని అచ్చు ప్రతి మీద గీత గీతా దిగుతారు. ఆవేళ వెర్నా చదువుతోంది, మ్యూరియల్ పెన్సిలు పట్టుకుంది.

"'మమ్మల్ని ఒక పక్షానికి కొమ్ముకాసే పత్రిక అంటారు ఫుల్‌స్టాప్ మేము కాదనం ఫుల్‌స్టాప్ మాకు అభిప్రాయాలు ఉన్నాయి కామా వాటిని దాచుకోం ఫుల్‌స్టాప్...'"

"దాచుకోవడమా!" అంది మ్యూరియల్. "మన రాజకీయాల్లాగే మనకి ఒకటో పేజీ కూడా కుడివైపే వస్తుంది."

"అందరికీ కుడివైపే వస్తుంది, మ్యూరియల్."

"అందుకే జోకు. సరే, కానీ."

"'కానీ కవితను చదివేటప్పుడు కవి ఎవరికి ఓటు వేశాడో మేము అడగం ఫుల్‌స్టాప్ పేరు కూడా చూడం ఫుల్‌స్టాప్ పన్నెండేళ్లుగా మా తలుపు అందరికీ తెరిచే ఉంది ఫుల్‌స్టాప్ అవతలి పక్షం వాళ్లలో...'"

వెర్నా ఆగింది. మంచినీళ్లు తాగింది. మ్యూరియల్ పెన్సిలు మొన అక్కడే ఆనించి ఎదురుచూసింది.

"'...ఒక్కరూ ఇంతవరకు దాన్ని తట్టలేదు ఫుల్‌స్టాప్.'"

"ఉంది," అంది మ్యూరియల్. "తరవాత?"

తర్వాతి వాక్యం రాలేదు. మ్యూరియల్ కళ్లద్దాల మీదుగా తలెత్తి చూసింది. వెర్నా కాగితాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది.

"జ్వరం తిరగబెట్టిందా?"

"ఆ నలభై ఒకటికి నంబరు వేసేటప్పుడు కవరు మీద పేరు చూశారా?"

"చూడలేదు. చూడొద్దనేగా రూలు? కళ్లు సగం మూసుకుని కోశాను, అందుకే వేలు తెగింది." నవ్వబోయి మ్యూరియల్ ఆగింది. ముప్పై నాలుగేళ్లు పిల్లల మొహాలు చూసిన మనిషి. పెన్సిలు కింద పెట్టింది. "నువ్వు చూస్తావా?"

వెర్నా ఒళ్లోని కాగితం అంచుని వేలితో సరిచేస్తూ ఉండిపోయింది.

"దేవుడా," అంది మ్యూరియల్ మెల్లగా. "ఆయనకి తెలుసా?"

"తెలియదు."

"తెలియకుండానే పన్నెండేళ్లా? ఆయన వంటింట్లో ఉప్పు వేసేది నువ్వు, తినేవాళ్లు తిట్టేది ఆయన్ని."

"ఆయనకి ఇష్టంలేనివి ఆయన ముందు పెట్టడం ఎందుకని..."

"ఇష్టం లేదని ఆయన అన్నాడా? చదివాక కదా అనాలి?"

వెర్నా కిటికీ వైపు చూసింది. కింద ఇరవై మూడో వీధిలో మంచు కరిగి నల్లటి బురదయింది. ఆమెకి కనపడుతున్నది మాత్రం ఏప్రిల్ సంచిక. ఎడమ పేజీలో, ఒక్కరూ తట్టలేదు. కుడి పేజీలో, తట్టి తట్టి తిరిగిపోయిన మనిషి పేరు. పాటర్సన్‌లో ఆ ముసలి జెలెన్కో రెండూ ఒకేసారి చదువుతాడు. పేరు ఇప్పుడే చెబితే కవిత ఆగిపోతుంది. తను తిప్పి పంపిన సంగతి చెప్పకపోతే అబద్ధం అచ్చవుతుంది. అబద్ధమని ఆయనకి తెలియదు, తనకి తెలుసు.

"మిగతాది చదువు," అంది మ్యూరియల్. "చదివాక లోపలికి వెళ్లు. నేను చెప్పను, అది నా పని కాదు. కానీ నువ్వు వెళ్లకపోతే శుక్రవారం నుంచి నేను రాను."

మిగతాది చదివారు. కామాలన్నీ సరిగ్గా ఉన్నాయి.

*

హాల్‌బ్రూక్ బల్ల మీద పుస్తకాలు రెండు గోడల్లా ఉంటాయి. ఆ మధ్యలోంచి మాట్లాడాలి.

"నలభై ఒకటో నంబరు పేరు చెప్పాలి," అంది వెర్నా.

"ఇంకా అచ్చుకి వెళ్లలేదుగా. రూలు కాపాడేదానివి, నువ్వే తప్పుతావా?"

"మోరిస్ జెలెన్కో."

ఆయన పెన్సిలు పక్కన పెట్టాడు. మొహం కొంచెం ఎర్రబడింది. "పాటర్సన్ జెలెన్కోనా? బతికే ఉన్నాడా?" అని లేచి కిటికీ దాకా వెళ్లి వచ్చాడు. తీసెయ్యి అంటాడని వెర్నా చేతులు కట్టుకుని నిలబడింది. తీసేస్తే ఏ కవిత అక్కడ పెట్టాలో కూడా ఆమె మనసులో అప్పుడే వెతుక్కుంటోంది. పన్నెండేళ్ల అలవాటు.

"వేద్దాం," అన్నాడు హాల్‌బ్రూక్.

"వేద్దామా?"

"మరి? పేరు తెలిశాక తీసేస్తే నేను ఇన్నాళ్లూ చెప్పిందంతా ఏమవ్వాలి? పేరు చూడం అంటే చూడం." ఆయన గొంతులో ఉత్సాహం వచ్చింది. "మనకి పార్టీ కావాలి, కవిత అక్కరలేదు అంటారు కదా వాళ్లు? ఇదిగో, మీవాడే, చూసుకోండి. పాపం, ఎనభై ఏళ్లు వచ్చాక పంపాలనిపించింది! ముందే పంపి ఉంటే ముందే వేసేవాళ్లం."

"పంపాడు."

"ఏమిటి?"

"ముందే పంపాడు. చాలాసార్లు."

"నా దాకా రాలేదే."

"నేను రానివ్వలేదు."

ఆయన కుర్చీలో కూర్చున్నాడు. కళ్లద్దాలు తీసి టై కొసతో తుడిచాడు, మళ్లీ పెట్టుకోలేదు. అద్దాలు లేని ఆయన మొహాన్ని వెర్నా అంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు.

"ఆయన ఒక్కడేనా?"

"కాదు."

"నేను చెప్పానా నీకు? ఒక్కసారైనా?"

"లేదు."

"మరి ఎందుకు చేశావు, వెర్నా?"

ఇన్నాళ్లూ ఈ ప్రశ్నకి సమాధానం ఉందనుకుంది. ఇప్పుడు వెతికితే ఉన్నది చాలా చిన్నది. "మీరు నవ్వేవారు," అంది. "మొదట్లో కొన్ని మీ దాకా వచ్చాయి, మీకు గుర్తుండి ఉండదు. మీరు వద్దన్నాక నేను పేరు చెబితే నవ్వేవారు. 'నిన్ను జీతమిచ్చి పెట్టుకున్నది నన్ను ఇలాంటివాటి నుంచి కాపాడడానికేగా' అన్నారు ఒకసారి."

"అది వేళాకోళం!"

"అవును."

ఆయన అరుస్తాడని, ఉద్యోగం మానేయమంటాడని ఆమె అనుకుంది. ఒకవిధంగా అలా జరిగితే బాగుండుననుకుంది. హాల్‌బ్రూక్ సంపాదకీయం ప్రూఫుని దగ్గరికి లాక్కుని ఆ వాక్యం వెతికి పట్టుకున్నాడు. పెన్సిలు కొరుకుతూ ఆలోచించి, ఒక ముక్క కొట్టేసి పైన ఇంకొకటి రాశాడు. కాగితాన్ని ఆమె వైపు తిప్పాడు.

*అవతలి పక్షం వాళ్లలో చాలా కొద్దిమందే దాన్ని తట్టారు.*

"ఇప్పుడు అబద్ధం కాదుగా?" అన్నాడు.

ఎంతమంది తట్టారో వెర్నా ఎప్పుడూ లెక్కపెట్టలేదు. కాబట్టి అవుననీ కాదనీ చెప్పలేకపోయింది.

"రేపటి నుంచి వచ్చే కవర్లు..." అని మొదలుపెట్టి ఆగింది. అన్నిటికీ నంబరు వెయ్యి అంటాడేమోనని ఎదురుచూసింది. ఆ ఒక్కమాట చాలు. ఆయన అద్దాలు పెట్టుకుని పేజీ తిప్పాడు.

"నీకింకా ఒంట్లో బాగా లేదు," అన్నాడు, దయగానే. "టాక్సీ ఎక్కి ఇంటికి వెళ్లు. నీలాంటిది లేకపోతే ఈ పత్రిక ఎప్పుడో మూతపడేది. నాకు తెలుసు."

*

శుక్రవారం అచ్చుకి వెళ్లే రోజు. రచయితలకి ఫోను చేసి అనుమతి తీసుకుని, పేరు కింద వేయడానికి రెండు వాక్యాలు రాసుకోవడం వెర్నా పని. మిగతావాళ్లందరికీ చేసింది. పాటర్సన్ నంబరుని చివరికి మిగుల్చుకుంది. మ్యూరియల్ ఎదుట బల్ల దగ్గర విషయసూచిక చూస్తూ, చూడనట్టు కూర్చుంది. లోపలి గది తలుపు ఓరగా తెరిచి ఉంది.

"ఎవరూ?" పెద్ద గొంతు. "గట్టిగా చెప్పండి! నలభై ఏళ్లు మగ్గాల మధ్య పనిచేసిన చెవులు."

"కార్నిస్ పత్రిక నుంచి."

"ఎక్కడ నుంచి?"

"కార్నిస్!"

"బెన్నీ, ఆడగొంతు పెట్టావేంట్రా? వేళాకోళాలు ఆపు, పొయ్యి మీద పులుసు పెట్టుకున్నాను."

"బెన్నీ కాదండీ. నేను వెర్నా లిండ్‌క్విస్ట్‌ని. మీ కవిత మేము వేసుకుంటున్నాం. 'నేతముడి'. ఏప్రిల్ సంచికలో."

అవతల పొయ్యి ఆర్పుతున్నట్టు ఒక టక్కుమన్న చప్పుడు. కుర్చీ లాగిన చప్పుడు.

"మీ హాల్‌బ్రూక్‌కి తెలుసా?"

"ఆయనే ఎంచుకున్నారు."

"అయితే నాలో ఏదో తేడా వచ్చింది," అని ముసలాయన పగలబడి నవ్వాడు. నవ్వు దగ్గులోకి దిగింది. "ఇంతకీ ఆ కవితా? అది మీకు ఇదివరకే ఒకసారి పంపాను కదమ్మా. పందొమ్మిది వందల ఎనభై అయిదులో అనుకుంటాను. అప్పుడు ఏడు పద్యాలుండేవి. మీవాళ్లెవరో అచ్చు చీటీ కింద ఊదా సిరాతో రాశారు, చివరి పద్యం అవసరమా, చూడండి అని."

వెర్నా చేయి టెలిఫోను తీగ మీద ఆగిపోయింది. మొదటి నాలుగైదేళ్లు ఆమెకి ఉత్త చీటీ పంపడం కఠినంగా అనిపించేది. కింద ఒక మాట రాసేది. ఆ మాట హాల్‌బ్రూక్‌ది. వచ్చిన కవులందరికీ ఆయన చెప్పేవాడు, చివరి పద్యం కొట్టెయ్, ఎవరికైనా చివరి పద్యం ఎక్కువే అని. ఏ కవితకైనా సరిపోయేది.

"ఆ మాటతో నెలరోజులు పోట్లాడాను," అంటున్నాడు జెలెన్కో. "మా సంఘం పత్రికవాళ్లకి ఏది పంపినా వేసేవారు. మోరిస్ పంపాడు, వెయ్యండి, అంతే. చదివేవారనుకోను. మీరు నా శత్రువులు, అయినా మీలో ఒకరు కూర్చుని నా ఏడో పద్యం దాకా చదివారు. చదివి, అవసరమా అని అడిగారు. అందుకే ఎన్నిసార్లు తిప్పికొట్టినా మీకే పంపేవాణ్ని. చివరికి కొట్టేశాను."

"అందులో ఏముండేది?"

"లీనా. నా భార్య. ఆ చేతులు ఆవిడవేగా! పన్నెండో నంబరు మగ్గం. ఏడో పద్యంలో ఆవిడ పేరుండేది."

"అది మీ దగ్గర ఉందా? ఉంటే ఇప్పుడైనా వేస్తాం. ఇవాళ సాయంత్రం దాకా టైముంది."

"ఎక్కడిదమ్మా. ఆవిడ పోయాక గది మారాను, కాగితాలు సగం పోయాయి. రెండు పంక్తులు గుర్తున్నాయి, అవీ కుదురుగా లేవు. పోనీలెండి. ఆ చీటీ రాసినవాళ్లు చెప్పింది నిజమే అయ్యుంటుంది. ఇంకా అక్కడే పనిచేస్తున్నారా వాళ్లు?"

"నేనే," అంది వెర్నా.

"ఏమిటీ?"

"ఆ చీటీ రాసింది నేనే. నేను... అప్పుడు చదవలేదు."

"గట్టిగా చెప్పండి, వినపడలేదు."

పన్నెండేళ్లలో ఆ ఆఫీసులో వెర్నా గొంతు ప్రూఫు చదివేటప్పుడు తప్ప పైకి లేవలేదు. మ్యూరియల్ తలెత్తింది. ఓరగా ఉన్న తలుపు వెనక కుర్చీ కిర్రుమంది. వెర్నా లేచి నిలబడింది.

"మీ కవిత నేను చదవలేదు, మిస్టర్ జెలెన్కో! కవరు మీద పేరు చూసి తిప్పి పంపాను! అన్నీ అలాగే పంపాను! ఆ మాట ఊరికే రాశాను!"

ఫోనులో పాటర్సన్ వీధిలోంచి పోతున్న ఏదో బండి చప్పుడు వినపడింది. అది మెల్లగా దూరమైంది. పెట్టేశాడేమో అనుకుంది వెర్నా. పెట్టేస్తే తనేం చేయాలో ఆమెకి తెలియలేదు.

"అయితే ఎవరూ చదవలేదన్నమాట," అన్నాడు. ఈసారి గొంతు పెద్దగా లేదు. "తొమ్మిదేళ్ల నుంచీ నేను ఎవరితో పోట్లాడుతున్నట్టు?"

వెర్నా ప్రూఫుని దగ్గరికి లాక్కుంది.

"ఇప్పుడైనా చదివారా?"

"చదివాను. సోమవారం నుంచి చాలాసార్లు చదివాను."

"ఎలా ఉంది? మీ సంపాదకుడి సంగతి కాదు. మీరు చెప్పండి."

ఎవరూ ఆమెని ఇలా అడగలేదు. ప్రూఫు ఎదురుగానే ఉంది. ఆరు పద్యాలు, కింద తెల్లటి జాగా. ఆ చేతులు ఎవరివో చెప్పకపోవడమే గొప్ప అన్న మాట ఆమెకి వినిపిస్తూనే ఉంది.

"చాలా బాగుంది," అంది. తర్వాత, గట్టిగా, "కానీ చివర అర్ధంతరంగా ఆగిపోయినట్టుంది."

"అవును," అన్నాడు ముసలాయన. "నాకూ ఎప్పుడూ అలాగే అనిపించేది."